పడవలో రెండో మనిషి

ఫిబ్రవరి 6

తమ్ముడూ,

నేను బాగానే ఉన్నాను. ఆ మాట ముందే రాసేస్తున్నాను, లేకపోతే కవరు చించేలోపే నువ్వు కంగారు పడతావు. గుండెలో స్టెంటు వేసి నేటికి ఆరు వారాలు. మెట్లు ఎక్కితే ఆయాసం ఉంది. మెట్లు దిగితే విసుగుంది. ఆ రెండోదానికి డాక్టరు మందు రాయలేదు.

ఫోన్ చేయొచ్చుగా అని పక్కింటావిడ అడిగింది. మా ఇద్దరి సంగతి మీకు తెలీదులెండి అన్నాను. మూడో నిమిషానికి నువ్వు అరుస్తావు, నాలుగో నిమిషానికి నేను పెట్టేస్తాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పయ్యొక్కేళ్లు ఊరందరికీ లైన్లు కలిపినదాన్ని, సొంత తమ్ముడితో ఉత్తరాలు రాసుకోవాల్సి వచ్చింది. సరే, ఇదే నయం. కాగితం మీద నీ అరుపు వినపడదు.

అసలు సంగతికి వస్తాను. ఆసుపత్రి నుంచి వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చి నా టీవీకి ఒక ఆట తగిలించి వెళ్లింది. నవ్వకు. టీవీ పైన చిన్న కెమెరా, నా రెండు మణికట్లకూ రెండు పట్టీలు. తెరమీద ఒక సరస్సు, అందులో పడవ, పడవలో నాలాంటి బొమ్మ. నేను కుర్చీలో కూర్చుని చేతులతో తెడ్లు లాగినట్టు లాగితే ఆ బొమ్మా లాగుతుంది. మొదటిరోజు కుర్చీతో సహా వెనక్కి పడబోయాను.

అయితే పడవలో ఇంకో మనిషి ఉంటాడు. ఎక్కడో తన ఇంట్లో, తన టీవీ ముందు కూర్చుని లాగే నిజం మనిషి. ఇద్దరూ ఒక్కసారే, ఒక్క బలంతో లాగితేనే పడవ తిన్నగా పోతుంది. ఒకరు తొందరపడితే గింగిరాలు తిరిగి రెల్లుగడ్డిలోకి పోతుంది. మాట్లాడుకునే వీలు లేదు. పేషెంట్లు ఆడే ఆట కదా, అవతలివాళ్లు ఎవరో తెలియకూడదట. సైగలు నాలుగే: చెయ్యెత్తితే "నేనొచ్చాను", అరచెయ్యి కిందికి చూపిస్తే "నిదానం", చప్పట్లు కొడితే "భేష్", రెండు చేతులూ పైకి లేపితే "లే, నిలబడు". ఇద్దరి తలల మీదా చెరో దీపం, మన నాడితో పాటు కొట్టుకుంటూ ఉంటుంది. నాడి హద్దు దాటితే ఎర్రబడుతుంది.

నా పేరు "హలో అత్త" అని పెట్టుకున్నాను. నీ కూతురు చిన్నప్పుడు నన్ను పిలిచిన పేరే. నా జోడీ ఎవరో తెలుసా? "నత్తగుల్ల". నేను చేరిన మర్నాడే తనంతట తను జోడీ కడతానని అడిగిందట. ముఖం లేదు, గొంతు లేదు. గొంతు వినకుండా మనిషిని పోల్చుకోవడం నా వృత్తికే అవమానం.

పిల్ల సంగతి ఏమైనా తెలిసిందా? ప్రతి ఉత్తరంలోనూ అడుగుతాను, ప్రతి ఉత్తరంలోనూ నువ్వు దాటేస్తావు. తల్లి లేని పిల్లరా అది.

మందులు వేళకి వేసుకుంటున్నాను. నువ్వు వేళకి తిను.

నీ అక్క


ఫిబ్రవరి 17

అక్కకి నమస్కారాలు.

నీ పడవ ప్రయాణం గురించి చదివి టీ గొంతుకి అడ్డం పడింది. యాభై ఎనిమిదేళ్లొచ్చాక, ఎవరో తెలియని మనిషితో సరస్సులో షికారా? ఆ నత్తగుల్ల ఆడో మగో కనుక్కున్నావా? తనంతట తను అడిగాడంటే నాకు అనుమానంగానే ఉంది. రేపొద్దున మీ బావ ఇతనే అని ఫొటో పంపిస్తే నేను మాత్రం బట్టలు పెట్టను. అసలు అది మనిషే కాదేమో, లోపల మిషనే లాగుతోందేమో కూడా చూసుకో.

ఇక్కడ పని ఊపిరాడనివ్వడం లేదు. ముప్పై రెండంతస్తుల భవనం, ఆరు లిఫ్టులు, నా కింద పద్దెనిమిది మంది. నాలుగు లిఫ్టులు నిలబెట్టాం. అయిదోదాని తాళ్లు రేపు దింపుతాం.

మొన్న సోమవారం మావాళ్లందరినీ నిలబెట్టి గట్టిగా చీవాట్లు పెట్టాను. లిఫ్టు కంపెనీలన్నీ ఆరునెలలకోసారి ప్రమాదాల వివరాలతో ఒక కాగితం పంచుకుంటాయి, పేర్లుండవు. అందులో ఒకటి చదివి వినిపించాను. ఎవరో మెకానిక్, ఏడు నెలల కిందటి సంగతి. లిఫ్టు తిరిగే షాఫ్టు అడుగున గుంత ఉంటుంది చూశావా, అందులోకి దిగేముందు స్టాప్ స్విచ్ నొక్కాలి. పని మొదటిరోజు నేర్పే పాఠం. ఆ మహానుభావుడు నొక్కలేదు. పైనుంచి లిఫ్టు డబ్బా దిగింది. మోకాలి కింద కాలు పోయింది. "చూశారా, ఇలాంటి మొద్దులకి గుంతలో పనేంట్రా? ఆ మొద్దుకంటే ముందు వాడికి పని నేర్పినవాణ్ణి తన్నాలి" అన్నాను. అందరూ నవ్వారు.

నువ్వడిగినదానికి జవాబు లేదు. ఆ పిల్ల లిఫ్టు పని నేర్పమంది, ఆడపిల్లకి షాఫ్టులో పనేంటని నేనన్నాను. ఇంకెవరి దగ్గరో నేర్చుకుంటానని గడప దాటింది. "పో, నీకేమైనా నాకు చెప్పక్కర్లేదు" అన్నాను. మూడేళ్లయినా చెప్పలేదంటే బాగానే ఉందన్నమాట. ఈ విషయం వదిలెయ్.

నీ తమ్ముడు


మార్చి 3

తమ్ముడూ,

మిషను కాదు, మనిషే. ఎలా తెలిసిందో చెప్తాను విను.

మిషను ఎప్పుడూ ఒక్కలాగే లాగుతుంది. నత్తగుల్ల అలా కాదు. వాన పడ్డరోజు నీరసంగా లాగుతుంది. కుడిచెయ్యి బలం ఎక్కువ, అందుకే పడవ ఎప్పుడూ కొంచెం పక్కకి ఒరుగుతుంది, నేను సర్దుకోవాలి. వారం తిరిగేసరికి అలవాటైపోయింది. ఇప్పుడు నేను ఊపిరి పీల్చేసరికి ఆ తెడ్లు పైకి లేస్తున్నాయి, వదిలేసరికి నీళ్లలో పడుతున్నాయి. మొన్న నా దీపం ఎర్రబడింది. నాకు తెలియనే లేదు, ఉత్సాహం మీద ఉన్నాను. తను తెడ్లు పైకెత్తేసి అరచెయ్యి కిందికి చూపించి అలాగే ఆగిపోయింది. వెనక నుంచి రెండు పడవలు మమ్మల్ని దాటిపోయాయి. కదిలితే ఒట్టు. నా దీపం మళ్లీ పచ్చగా అయ్యాకే తెడ్డు ముట్టుకుంది. ఆ రోజు కళ్లలో నీళ్లు తిరిగాయిరా. ఈ ఇంట్లో నేను ఆయాసపడితే ఆగే మనిషి ఎవరున్నారు చెప్పు?

కానీ ఈ వారం చెడింది. సరస్సు దాటాక వంతెన వచ్చింది. అక్కడ పడవ దిగి ఇద్దరూ నిలబడాలి, ఉన్నచోటే అడుగులు వెయ్యాలి. ఇద్దరి అడుగులూ కలిస్తేనే గేటు తెరుచుకుంటుంది. నేను లేచాను. నత్తగుల్ల లేవలేదు. రెండు చేతులూ పైకెత్తి "లే, లే" అని సైగ చేశాను. కూర్చునే ఉంది. మర్నాడూ అంతే. అయిదు రోజులు! నేను గుండె జబ్బు మనిషిని లేచి నిలబడుతుంటే, అంత బలంగా తెడ్లు లాగే ఆ మహాతల్లికి లేవడానికి ఒళ్లు బరువైంది. "నిదానం" అని అరచెయ్యి చూపిస్తుంది. ఇంకెంత నిదానం? వ్యాయామం నేర్పే అమ్మాయేమో, వంతెన దాటితేనే నా గుండె తరవాతి మెట్టుకి వెళ్లినట్టు అంటోంది. ఏం చెయ్యమంటావు?

నీ అక్క


మార్చి 10

అక్కా,

ఇందులో ఆలోచించేదేముంది? లేవనివాళ్లని మోసుకు తిరిగే ఓపిక నీకు లేదు. జోడీ మార్చెయ్. పనిలోనైనా ఆటలోనైనా పక్కవాడు సోమరిపోతైతే ప్రాణం మీదికి వచ్చేది మనకే. నేనైతే మొదటిరోజే మార్చేసేవాణ్ణి.

అయిదో లిఫ్టు కదిలింది. తొందరలో ఉన్నాను.

నీ తమ్ముడు


మార్చి 20

తమ్ముడూ,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. పనిలో ఉంటే జేబులో పెట్టుకో. కిందికి దిగాక, కుర్చీలో కూర్చున్నాక చదువు. నీకు ఫోన్ చేద్దామని సగం నంబరు నొక్కి ఆపేశాను. నువ్వు ఏ అంతస్తులో వేలాడుతూ ఉంటావోనని భయం.

నువ్వు చెప్పినట్టే చేశాను. పదమూడో తారీఖున జోడీ వదిలేస్తున్నానని మీట నొక్కాను. ఎవరో కొత్త మనిషితో వంతెన దాటాను కూడా. పద్దెనిమిదో తారీఖు పొద్దున ఏడింటికి నత్తగుల్ల నుంచి పిలుపొచ్చింది. ఒక్కసారి వంతెన దగ్గరికి రమ్మని. పోనీ పాపమని వెళ్లాను.

తెరమీద దాని బొమ్మ చెయ్యెత్తింది. తరవాత లేచింది. లేవడం అంటే మామూలుగా కాదు. ఆ బొమ్మ వణికిపోతోంది. ఒక చెయ్యి దేన్నో పట్టుకున్నట్టు గాలిలో ఉంది. తలమీద దీపం ఎర్రగా, గబగబా కొట్టుకుంటోంది. నేను అరచెయ్యి కిందికి చూపించాను, నిదానం, నిదానం అని. ఒక అడుగు వేసింది. రెండోది వేసింది. నేను చప్పట్లు కొట్టబోతున్నాను. అంతలో బొమ్మ పక్కకి విరిగినట్టు పడిపోయింది. పడి, కదల్లేదు.

టీవీ దగ్గరికి పరుగెత్తి తెరని చేత్తో తట్టాను, ఏదో లేపగలిగినట్టు. ఎవరో తెలీదు, ఏ ఊరో తెలీదు. ఆ దీపం మాత్రం కొట్టుకుంటోంది. ప్రాణం ఉంది, పలుకు లేదు. ఆట వాళ్ల సహాయం నంబరుకి సెల్ నుంచి చేశాను. ఒకబ్బాయి ఎత్తాడు. "సారీ అమ్మా, ఆటగాళ్ల వివరాలు చెప్పకూడదు" అన్నాడు. "బాబూ, నేను ముప్పయ్యొక్కేళ్లు నీ కుర్చీలోనే కూర్చున్నాను. నాకు చెప్పొద్దు. నువ్వే చూడు. వాళ్ల ఇంటికి అంబులెన్సు పంపించు, వాళ్లవాళ్లకి ఫోన్ చెయ్" అన్నాను. మంచివాడే. గబగబా ఏదో కొట్టాడు. "అంబులెన్సు బయల్దేరిందమ్మా. అవసరానికి ఒక నంబరిచ్చారు, ఇప్పుడే కలుపుతున్నాను. మీరు లైన్లోనే ఉండండి" అన్నాడు.

అప్పుడు మా హాల్లో ఫోన్ మోగింది.

నా పాత ఫోన్, తమ్ముడూ. బల్లమీద ఉన్న నల్ల ఫోన్. ఒక చెవి దగ్గర సెల్ పట్టుకుని అలాగే కొయ్యబారిపోయాను. అది మోగుతూనే ఉంది. సెల్‌లో ఆ అబ్బాయి "ఎత్తడం లేదమ్మా" అంటున్నాడు. వెళ్లి ఎత్తాను. రెండు చెవుల్లోనూ ఒకే గొంతు: "హలో, మీరు మేనత్తగారేనా?"

నత్తగుల్ల మన బుడంకాయరా. నీ కూతురు.

ఆ రోజే రైలెక్కి ఆరుగంటలు కూర్చున్నాను. ఇప్పుడు దాని ఆసుపత్రి మంచం పక్కనుంచి రాస్తున్నాను. తలకి నాలుగు కుట్లు. స్పృహలో ఉంది. మాట్లాడుతోంది. భయం లేదన్నారు. పడిపోయిన దెబ్బ చిన్నదే.

పెద్దది వేరే ఉంది. దుప్పటి సర్దుదామని చెయ్యి వేశాను. ఒక వైపు మోకాలి కింద దుప్పటి మంచానికి అంటుకుపోయింది. కింద ఏమీ లేదు. ఎనిమిది నెలలైందట. పెట్టుడుకాలు వచ్చి నెలన్నర. అది తొడుక్కుని ఎవరి సాయం లేకుండా లేచి నిలబడడం అదే మొదటిసారట. నేను వదిలేసి వెళ్లిపోయానని లేచింది.

ఆటలో ఆ బొమ్మకి రెండు కాళ్లూ ఉన్నాయి. అందరికీ ఒకేలాంటి బొమ్మ ఇస్తారు. నాకెలా తెలుస్తుంది?

ఇంకోటి కూడా రాయాలి. లిఫ్టు షాఫ్టు గుంతలో పోయింది ఆ కాలు. నువ్వు మీవాళ్లకి చదివి వినిపించావే, ఆ కాగితంలో ఉన్నది ఇదే. పని నేర్పినవాణ్ణి తన్నాలన్నావు. నేర్పమని కాళ్లావేళ్లా పడితే నేర్పనన్నవాణ్ణి ఏం చెయ్యాలి?

ఈ మాట కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు. సోమరిపోతని నువ్వు రాస్తే సరేనని వదిలేసినదాన్ని నేను. నన్నూ అదే ప్రశ్న అడుగు.

నీ అక్క


మార్చి 24

అక్కా,

కూర్చోమన్నావు. కూర్చోలేదు. మెషిన్ రూములో నిలబడే చదివాను.

ఏ కాలో నువ్వు రాయలేదు. డ్రాయరు లాగి ఆ కాగితం తీశాను. నా కూతురికి ఏ కాలు పోయిందో కంపెనీ కాగితంలో చూసి తెలుసుకున్నాను. ఎడమ. చిన్నప్పుడు ఎడమ చెప్పే ఎప్పుడూ కుడికి వేసుకునేది. బడికి వెళ్లేముందు రోజూ వంగి మార్చేవాణ్ణి.

పద్దెనిమిది మంది ముందు చదివానక్కా. మొద్దు అన్నాను. వాళ్లు నవ్వితే నాకు సంతోషం వేసింది. గట్టిగా నవ్విన ఒకతను ఇందాక టీ తెచ్చి పెట్టాడు. తాగలేక, పారబొయ్యలేక దాని వంకే చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం దాకా ఏ మనిషి ఏమడిగినా వినపడలేదు. ఆరో లిఫ్టు ఆపించేశాను. నా చేత్తో ఇవాళ దేన్నీ ముట్టుకోకూడదు.

ఎలా జరిగింది? స్విచ్ ఎందుకు నొక్కలేదు? అది అలాంటిది కాదే. ఆరో తరగతిలో ఇస్త్రీపెట్టె తీసేశానా లేదా అని వీధి చివర నుంచి వెనక్కి వచ్చేది.

రేపు సెలవు పెట్టి వస్తున్నాను. ఏ ఆసుపత్రి?

తమ్ముడు


మార్చి 30

తమ్ముడూ,

రావద్దు. కోపంతో కాదు, చివరిదాకా చదువు.

దాన్ని గదికి తీసుకొచ్చాను. నాలుగో అంతస్తులో ఒక గది, వంటిల్లు. మంచం, బల్ల, బల్లకింద పనిముట్ల పెట్టె. అన్నీ తుడిచి వరసగా పెట్టుకుంది, నీలాగే. గోడకి అటూ ఇటూ పట్టుకోవడానికి పైపులు తనే బిగించుకుంది.

అప్పట్లో నేను టాబ్లెట్ కొన్నప్పుడు అకౌంటు తెరిచి తన అకౌంటుతో కలిపింది అదే కదా, ఆటకీ ఆ అకౌంటే. నేను ఆటలో చేరగానే దానికి కబురు వెళ్లిందట, మీకు తెలిసినావిడ ఆడుతున్నారని. వాళ్ల ఆసుపత్రిలోనూ ఇదే ఆట. "నువ్వని తెలిసే జోడీ అడిగానత్తా. రోజుకి అరగంట నీతో ఉన్నట్టుండేది" అంది. మరి చెప్పలేదేమే అంటే, "చెప్తే నువ్వు నాన్నకి చెప్తావుగా" అంది. నా ఫోన్ నంబరు ఎందుకిచ్చావంటే, "చిన్నప్పటి నుంచీ నోటికొచ్చిన నంబరు అదొక్కటే" అంది.

స్విచ్ సంగతి విను. అది దిగింది ఆ స్టాప్ స్విచ్ బాగుచెయ్యడానికే. పాడైపోయిన స్విచ్‌ని ఎలా నొక్కుతారు? పైన మెయిన్ తీసేసి, "కింద మనిషి ఉంది" అని బోర్డు తగిలించి మరీ దిగింది. అద్దెకున్నవాళ్లు అరుస్తున్నారని ఆ భవనం మేనేజరు బోర్డు తీసి పక్కన పెట్టి కరెంటు ఇచ్చాడు. కాగితంలో మాత్రం స్విచ్ నొక్కలేదని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

అన్నిటికంటే నన్ను అదరగొట్టిన మాట ఇది. నిన్న అడిగింది: "నాన్నకి తెలుసు కదత్తా?"

"ఏం తెలుసే?"

"ఆ కాగితం అన్ని కంపెనీలకీ వెళ్తుంది. పేరు లేకపోయినా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఇంకో నెలకి వస్తాడేమో, ఇంకో నెలకి వస్తాడేమోనని చూశాను. రాలేదు. చెప్పక్కర్లేదన్నాడుగా, తెలిసినా రానక్కర్లేదనుకున్నాడేమో అనుకున్నాను."

ఎనిమిది నెలలు, తమ్ముడూ. నీకు తెలిసే రాలేదనుకుని ఎనిమిది నెలలు ఆ గదిలో ఒక్కతీ ఉంది. దానికేం, బాగానే ఉందని నువ్వక్కడ ఉన్నావు.

"మీ నాన్నకి తెలీదే. కాగితం చదివాడు కానీ నువ్వని తెలీదు" అన్నాను. దుప్పటి గుండెల దాకా లాక్కుంది. తరవాత, "చదివి ఏమన్నాడు?" అంది. అబద్ధం ఆడదామనుకున్నాను, నోరు రాలేదు. చెప్పేశాను. నేను భయపడినట్టు ఏడవలేదు. నవ్వింది. "ఆ కాగితం చదివితే నేనూ అదే అనేదాన్ని" అంది. నవ్వుతూ నవ్వుతూ అటు తిరిగి పడుకుంది.

నువ్వు వస్తానన్నావని చెప్పాను. "ఇప్పుడొద్దత్తా. వస్తే ముందు ఏడుస్తాడు, తరవాత ఎందుకు చెప్పలేదని అరుస్తాడు. రెండూ నేను తట్టుకోలేను. ఆటలోకి రమ్మను. అందులో గొంతుండదు" అంది.

అందుకని నా చోటు నీకిస్తున్నాను. ఇంటికి వెళ్లగానే కెమెరా, పట్టీలు నీకు పార్సిల్ చేస్తాను. పొద్దున ఆరున్నరకి. కుర్చీ గట్టిది చూసుకో.

నీ అక్క


ఏప్రిల్ 21

అక్కా,

పదిహేను రోజులుగా పడవలో ఉన్నాను.

మొదటిరోజు చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను. అంతే, ఆత్రంతో తెడ్లు లాగేశాను. పడవ సుడి తిరిగినట్టు తిరిగి గడ్డిలో దూరింది. అరచెయ్యి కిందికి చూపించింది. మళ్లీ లాగాను, మళ్లీ గడ్డి. "అటు కాదమ్మా, ఇటు!" అని ఇంటి కప్పు ఎగిరేలా అరిచాను. పక్కగదిలోంచి మావాడొకడు పరుగెత్తుకొచ్చాడు. దానికి మాత్రం వినపడలేదు. వినపడలేదని తెలిసి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

నాలుగోరోజుకి అది లాగేదాకా ఆగడం నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లు పనివాళ్లని నా వేగానికి నడిపించాను, ఒకరి వేగానికి నేను నడవడం ఇదే మొదలు. దాని తలమీద దీపం ఉంటుంది చూశావా, నేను పడవ వంక చూడను, దాన్నే చూస్తాను. నా కూతురి గుండె కొట్టుకోవడం నాకు కనిపిస్తోందక్కా.

తొమ్మిదోరోజు నావల్ల కాలేదు. తెడ్లు వదిలేసి ముఖం చేతుల్లో పెట్టుకున్నాను. కెమెరా ఉందన్న సంగతే మర్చిపోయాను. అక్కడ దాని టీవీలో నా బొమ్మ కూడా ముఖం కప్పుకునే ఉంటుంది. తలెత్తేసరికి పడవ మెల్లిగా గుండ్రంగా తిరుగుతోంది. అది ఒక్కతే లాగుతోంది. వదిలేసి పోలేదు. అరగంట అయ్యేదాకా ఇద్దరి వంతూ తనే లాగింది.

మావాళ్ల పద్దెనిమిది మందినీ మళ్లీ నిలబెట్టాను. ఆ మెకానిక్ నా కూతురని చెప్పాను. స్విచ్ సంగతి, బోర్డు సంగతి చెప్పాను. మొద్దని అన్నది తప్పని చెప్పాను. కాగితం రాసేవాళ్లకి కూడా రాశాను, సరిచేసి మళ్లీ పంచమని. జవాబు రాలేదు. వచ్చేదాకా రాస్తాను.

నిన్న వంతెన దగ్గర లేచి నిలబడింది. పడలేదు. పదకొండు అడుగులు లెక్కపెట్టాను. ఆట అయిపోయాక తెరమీద ఒక తారీఖు కనిపించింది, తరవాతి ఆటకి పిలిచేవాళ్లు రాస్తారే అలా. మే నాలుగు. చోటు అన్నచోట దాని గది అడ్రసు ఉంది.

నీ తమ్ముడు


మే 6

అక్కా,

చేరాను. దాని బల్లమీదే రాస్తున్నాను. అది వంటింట్లో ఉంది, ఏం రాస్తున్నావని రెండుసార్లు అడిగింది.

నాలుగో తారీఖు పొద్దున పదింటికి వచ్చాను. చేతిలో సంచి, పనిముట్ల పెట్టె. కింద లిఫ్టుకి "పనిచెయ్యదు" అని అట్టముక్క. వాచ్‌మన్ "మూడు వారాలైందండీ, కంపెనీవాళ్లు ఇదిగో అదిగో అంటున్నారు. పైన మెషిన్ రూములో ఆ నాలుగో అంతస్తు అమ్మాయి చూస్తోంది. కంపెనీవాళ్లే చూడమన్నారు" అన్నాడు. ఒంటికాలితో పైకెక్కి మళ్లీ ఆ పనేనా? అరవబోయాను. నోరు మూసుకున్నాను.

నా పెట్టెలోంచి లిఫ్టు తలుపుల తాళంచెవి తీసి, కింది తలుపు తెరిచి షాఫ్టులోకి తల పెట్టి, "ఎవరక్కడ?" అన్నాను. ఇంకేమనాలో తెలియలేదు.

పైన పనిముట్టు కింద పెట్టిన చప్పుడైంది. తరవాత గొంతు వచ్చింది. మూడేళ్ల తరవాత అదే మొదటిమాట.

"గుంతలో స్టాప్ స్విచ్. తడి చేరింది. ఇక్కణ్ణించి మీటరు పెట్టి చూస్తే తెలుస్తోంది. నేను దిగలేను."

"నేను దిగుతాను" అన్నాను.

"ఆగు." ఇనుప చప్పుడు. "కరెంటు తీశాను. తాళం వేశాను. తాళంచెవి నా జేబులో ఉంది. ఇప్పుడు దిగు, నాన్నా."

ముప్పై ఏళ్లలో ఎన్ని గుంతలు దిగానో లెక్కలేదు. ఆ రోజు నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ దిగాను. చుట్టూ చీకటి, మడమల దాకా నీళ్లు, తడి వాసన. తలెత్తి చూస్తే నాలుగో అంతస్తులో ఆగిన డబ్బా అడుగుభాగం, నల్లగా, నా నెత్తిమీద. నా కూతురూ ఆ రోజు ఇలాగే చూసి ఉంటుందనుకున్నాను. పైన ఉన్నవాళ్లని నమ్మి ఇలాగే పని చేసుకుంటూ ఉండి ఉంటుంది. స్విచ్ విప్పుతుంటే స్క్రూ జారి నీళ్లలో పడింది. వంగి చేత్తో తడుముతున్నాను.

"నాన్నా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"మాట్లాడుతూ ఉండు. ఏం చేస్తున్నావో చెప్పు."

చెప్పాను. స్క్రూ దొరికిందన్నాను, తుడుస్తున్నానన్నాను, తీగ బిగిస్తున్నానన్నాను. ప్రతిదానికీ పైనుంచి "ఊఁ" అంది. ఇరవై నిమిషాలు అలాగే. అది నేర్పమన్న పని అదే కదక్కా. ఒకరు కింద, ఒకరు పైన.

పైకెక్కి తలుపు వేసి, "అయిపోయింది, కరెంటివ్వు" అన్నాను.

ఇవ్వలేదు. "బయటికొచ్చావా?"

"వచ్చాను."

"తలుపు వేశావా?"

"వేశాను."

"రెండు కాళ్లూ బయటే ఉన్నాయా?"

తలుపు సందులో నోరు పెట్టి నిలబడ్డాను. వాచ్‌మన్ నా వంక వింతగా చూస్తున్నాడు.

"చెప్పు నాన్నా. నువ్వు చెప్తేగానీ ఇవ్వను."

"ఉన్నాయమ్మా" అన్నాను. "రెండూ ఉన్నాయి."

తాళం తీసిన చప్పుడైంది. మోటారు మూలిగింది. అది మెషిన్ రూము నుంచి మెట్లు దిగి నాలుగో అంతస్తుకి రావాలి కదా, చాలాసేపటికి డబ్బా కదిలింది. నాలుగు, మూడు, రెండు అని అంకెలు వెలిగి ఆరిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది. లోపల నిలబడి ఉంది. చేతులకి గ్రీజు, నుదుటిమీద కుట్ల మచ్చ. దేన్నీ పట్టుకోలేదు. నా కంటే సన్నగా, నేననుకున్నదానికంటే పొడుగ్గా ఉంది.

నేను ఏడవలేదు, అరవలేదు. లోపలికి వెళ్లి పక్కన నిలబడ్డాను. "ఎన్నో అంతస్తమ్మా?" అన్నాను.

నీ తమ్ముడు